నీలిరాయి పేడపురుగు

ఇంటిపనికి మస్కట్ పోతున్న కూతురు వనజ సంచిలో బట్టల నడుమ కమలవ్వ ఎల్లిపాయ కారం డబ్బా ఇరికించింది. తర్వాత పసుపు గుడ్డలో చుట్టిన, నీలిరాయిలో చెక్కిన పురుగును అడుగున దాచబోయింది. గోరంత పురుగు. వీపు మీద రెక్కల గీతలు, దారం దూరేందుకు సన్నని బెజ్జం. కువైట్‌లో తనతో పనిచేసిన మిస్రీ మేస్త్రీ, ఈజిప్టు మనిషి, ఇస్తే ఆమె భర్త కైలాసం ఏళ్ల తరబడి మెడలో కట్టుకున్నాడు. దాంతోనే చెన్నూరు తిరిగొచ్చాడు. దేశం దాటి ఇల్లు చేరిన వస్తువుకు దారి తెలిసి ఉంటుందని, దాన్ని పోయేవాళ్ల సంచిలో పెట్టడం వాళ్ల వాడలో అలవాటు.

"అవ్వా, పేడపురుగును గూడ మస్కట్ తోలుతున్నవా?" వనజ పకపకా నవ్వింది.

"నవ్వకే. మీ బాపును ఇంటికి తోలుకచ్చింది గిదే."

"గట్లయితే సేఠ్ ఇంట్ల అంట్లు గూడ అదే తోముతదేమో!"

మంచం మీది నుంచి కైలాసం అందుకున్నాడు. "మా మిస్రీ ఏం జెప్పిండో ఎరుకేనా? ఎనకట ఆళ్ల దేశంల పిల్లులు, డేగలు, కప్పలు అన్నీ రాళ్లల్ల చెక్కి తాయత్తులు కట్టుకునేటోళ్లట. గీ పురుగునైతే పీనుగు రొమ్ము మీద పెట్టేటోళ్లట, పైలోకంల గుండె ఎదురుసాక్ష్యం జెప్పొద్దని. అయితే..."

బయట ఆటో హారన్ మోగింది. కైలాసం మాట వదిలేసి చెప్పులు వెతుక్కున్నాడు.

కమలవ్వ చేయి సంచిలోనే ఆగిపోయింది. పీనుగు మీద పెట్టేది పయనం సంచిలోనా? ఎవరూ చూడకుండా తీసి రొంటిన దోపుకుంది.

"పోయొస్తనే అవ్వా."

"రా బిడ్డా," అంది కమలవ్వ. పొమ్మనకూడదు.

ఆ పూటే గోదావరికి పోయి, చావు వస్తువులను గంగలో వదిలినట్టే దాన్నీ వదిలి, వెనక్కి చూడకుండా వచ్చింది.

నాలుగు రోజులకు ఫోను. "అవ్వా, పురుగేదే? సంచంత దేవులాడిన."

కమలవ్వ ఉన్నది చెప్పింది. పక్కనున్న కైలాసం నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో పిచ్చిదానా! పీనుగు మీద పెట్టేది అరచెయ్యంత ఉంటదట. గోరంతది బతికున్నోళ్లది. మునిగిన పొద్దు మళ్ల పొడిచినట్టు మనిషి మళ్లొస్తడని కట్టుకుంటరట."

"గా మాట అప్పుడే జెప్పకపోతివి?"

"చెప్తుంటెనే ఆటో రాలే?"

ఫోన్లో వనజ నవ్వింది. "ఫికర్ చెయ్యకే. దారి నాకెరుకే."

కమలవ్వ మాత్రం పురుగు కోసం గోదావరి రేవులో ఇసుక జల్లిస్తూనే ఉంది. ఇల్లు ఊడుస్తుంటే చీపురు కింద రాయి గీసుకున్న చప్పుడు. వంగితే ఏమీ ఉండదు. దొడ్లో పేడపురుగు ఉండను దొర్లిస్తూ కనిపిస్తే తొక్కకుండా బర్రెను అదిలించి, అది ఇంటివైపే పోతుందా అని చూస్తూ నిలబడుతుంది.

పని గడువు ముగిసి వనజ రెండువేల ఇరవై రెండు దసరాకు ఇంటికి రావాలి. రాలేదు. తర్వాత కూడా రాలేదు.