ఆడవాళ్ల దురాయి

ఊరి ఆరోగ్య కమిటీలో మెంబర్ని నేను. మీటింగులో కుర్చీ మీద కూర్చునేది మా ఆయన. అందరికీ టీ పెట్టి మోసుకుపోయేది మళ్లీ నేనే. ఇందులో వింతేముందంటారా? మా వీధిలో ఎవరికీ వింతగా లేదు, ఆ రోజు దాకా నాకూ లేదు. ఆడవాళ్లు ఒకరైనా ఉండి తీరాలన్నారని మా ఆయన శివశంకర్ నా పేరు రాయించాడు. "నువ్వు సంతకం పెట్టు చాలు, తతిమ్మాదంతా నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకుంటూనే ఉన్నాడు పాపం.

ఆ రోజు తుఫాను షెల్టర్లో మీటింగు. కావలి నుంచి కొత్త డాక్టరమ్మ షబానా గారు వస్తున్నారు. ఊరివాళ్ల ఆరోగ్యానికి ముందుగా ఏం కావాలో కమిటీయే తేల్చాలట. ఇంట్లో అల్లం దంచుతుంటే నాకు పొత్తికడుపులో మంట మొదలైంది. కొత్త సంగతేం కాదు. ఒడ్డున చేపలు ఏరే ఆడవాళ్లలో మూత్రంలో మంట లేని మనిషిని ఒక్కదాన్ని చూపించండి. తెల్లారేసరికి పడవలొస్తాయి. చేపల్ని రకాలుగా ఏరి, వేలంపాట పెట్టి, కావలి బండికి ఎక్కించేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. అంతసేపూ ఒడ్డంతా మగవాళ్లే. వాళ్లకేం, పడవ చాటుకు పోతారు. మాకు చాటెక్కడ? ఉన్న ఒక్క సరుగుడు తోపునూ రొయ్యల చెరువులు మింగేశాయి. అందుకే మేం నీళ్లు తాగం. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఒడ్డుకు బయల్దేరుతుంటే మా అత్త అంకాలమ్మ నా చేతిలో చెంబు లాక్కుంది. "నీళ్లు తాగబాకు. తాగితే యాడికి పోతావు?" అంది. ఆమె నాకు చెప్పిన మొదటి బుద్ధి అదే.

మంటంటే ఇంట్లోవాళ్లు "వేడి చేసిందిలే, సబ్జా గింజలు నానబెట్టుకో" అంటారు. ఆస్పత్రికి పోతే "నీళ్లు బాగా తాగమ్మా" అంటారు. మొన్న వానాకాలంలో అత్తకు చలిజ్వరమొచ్చి, రోగం కిడ్నీల దాకా పోయింది. నెల్లూరు ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చున్నప్పుడు, ఇంకొన్నేళ్లకు ఈ మంచం మీద పడుకునేది నేనేనని తెలిసిపోయి భయమేసింది. ఒడ్డున మరుగుదొడ్డి కావాలని మీటింగులో అడగమని మా ఆయన్ని బతిమాలాను. "ఆడోళ్ల ఉచ్చ సంగతి నలుగురిలో నేనేం మాట్లాడేది? సిగ్గులేదా నీకు?" అన్నాడు.

టీ పళ్లెం పట్టుకుని షెల్టర్లోకి అడుగుపెట్టేసరికి మగవాళ్లు అవసరాలు తేల్చేసి ఉన్నారు. ఒకటి దోమల పొగ మిషను. రెండోది షెల్టరు ముందు సిమెంటు బెంచీలు. సాయంత్రం సముద్రపు గాలికి కూర్చుంటే ఆరోగ్యమట.

"మెంబర్లలో సాయిలక్ష్మి గారెవరు?" అని, నేను టీలు పంచుతుండగా డాక్టరమ్మ అడిగింది.

"నేనే మేడం" అన్నాడు మా ఆయన.

నవ్వు ఆపుకోలేకపోయాను. పళ్లెంలో మిగిలిన గ్లాసులు గలగలమన్నాయి. డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"సాయిలక్ష్మిని నేనమ్మా" అన్నాను.

"మరి మీకేం కావాలో చెప్పండి."

"ఒడ్డు మీద ఆడోళ్లకు మరుగుదొడ్డి. లోపల నీళ్లుండాల. తలుపుకు గడియుండాల."

మా పల్లెల్లో పెద్దల్ని కాపులంటాం. పెద్దకాపు రమణయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మకు లేదు, మా ఇంటిదానికి లేదు. నీకే ముంచుకొచ్చిందా? బెంచీలని తేల్చేసినాం, అంతే."

"టీ ఇచ్చేసినావు గదా, ఇంటికి పో" అన్నాడు మా ఆయన.

ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ దాహాన్ని మింగాను, మంటను మింగాను, ఇక ఈ మాటనూ మింగాలా? మా దగ్గర కాపులు దురాయి అన్నారంటే వాళ్లు వద్దన్న పని ఆగిపోవాల్సిందే. పడవ కదలదు, వల తడవదు. మీరినవాళ్లతో ఊరు మాట్లాడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట మగవాళ్ల నోటే విన్నాను. ఆ రోజు నా నోట వచ్చింది.

"దురాయి. ఒడ్డున మరుగుదొడ్డి లేచేదాకా ఏ ఆడమనిషీ చేప ముట్టదు."

"ఆడది దురాయి వేసేదేంది?" అన్నాడు రమణయ్య. "ఎవురింటారు?"

డాక్టరమ్మకు చూపించుకోవాలని వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య మెట్టు మీద మా అత్త కూర్చుని ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె గొంతు పీలగా అయిపోయింది.

"నేను ఇన్నా" అంది.

"నేనూ ఇన్నా" అంది వెనకనుంచి ఇంకొకామె. తర్వాత మరొకామె.

మర్నాడు పడవలు నిండా వచ్చాయి. మగవాళ్లే ఏరుకున్నారు. కానాగంత చేపల్నీ కవళ్లనూ ఒకే కుప్పగా పోస్తే కావలి బండివాడు చూసి, ఖాళీ బండితోనే తిరిగిపోయాడు. మా ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి సబ్బుతో చేతులు తోముకుంటూనే ఉన్నాడు. "వాసన పోలేదే" అన్నాడు. "పోదు" అన్నాను. ఆ మర్నాడూ అదే కథ. వారం తిరక్కముందే కాపులు డాక్టరమ్మకు కబురు పంపారు, బెంచీల సంగతి తర్వాత చూద్దామని.

నిన్న ఒడ్డున మరుగుదొడ్డి తలుపుకు గడియ బిగించారు. ఊరికే లోపలికి వెళ్లి గడియ వేసుకుని నిలబడ్డాను. కొళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. హాయిగా ఏడ్చాను. వచ్చే మీటింగులో కుర్చీ నాది. టీ ఎవరు పెడతారని మా ఆయన అడిగితే అల్లం ఎక్కడుందో చూపించాను.

ఇవాళ తెల్లవారుజామున బుట్ట తీసుకుని బయల్దేరుతుంటే అత్త లేచి వచ్చింది. చేతిలో చెంబు ఉంది. సగం తాగి తిరిగివ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"నిండా తాగు" అంది.