టుకు ఒంటి వాసన

"నిన్న సాయంత్రం కాగితం విప్పిన సబ్బు! తెల్లారేసరికి తమలపాకంత పల్చనైపోయిందంటే ఎవరు రుద్దుకున్నట్టు? నేనా, గోడ మీది బల్లా?" అంది బీథిక, వంటింటి గుమ్మంలో నిలబడి.

"నా మొహానికి గులాబీ సబ్బొకటే తక్కువైంది, బౌమా!" అత్తగారు కత్తిపీట మీంచి తలెత్తి కోడలి వైపు చూడలేదు. "ఈ ఇంట కాలుపెట్టి యాభై ఏళ్లు. రేవులో ఒండ్రుమట్టితోనే ఒళ్లు తోముకున్నాను. ఇప్పుడు ఎవరి కోసం ఘుమఘుమలాడాలి?"

"అయితే సబ్బే లేచి నదికి నడిచి వెళ్లిందంటారు."

"వెళ్లిందేమో. నీ నోటికి జడిసి."

అరుగు మీద పుస్తకాల సంచీ సర్దుకుంటున్న పదేళ్ల ఝుమూర్ ఊపిరి బిగబట్టింది. ఆమె పక్కన మూత వేసిన వెదురుబుట్ట ఉంది. బుట్టలో టుకు. టుకు ఒంటి నిండా గులాబీ వాసన.

టుకు మూడు నెలల నీరుకుక్క పిల్ల. చిత్రా నది ఒడ్డున ఆ జాలరిపేటలో నీరుకుక్కలు లేకుండా ఎవరూ వల వేయరు. పెద్దవాటిని తాడుతో వెదురుగడకు కట్టి నీళ్లలోకి వదిలితే, గట్టు వెంబడి దుబ్బుల్లో దాక్కున్న చేపల్ని అవి వలలోకి తోలతాయి. పిల్లలకు తాడు కట్టరు. తల్లి వెంట ఈదుతూ అవే పని నేర్చుకుంటాయి. ఝుమూర్ తండ్రి నిరాపద పడవలో టుకు తల్లి బుడి, ఇంకో మగది ఉన్నాయి. టుకు పుట్టిన వారంలో ముసురు పట్టి, పిల్ల చలికి కొయ్యబారిపోతే, నిరాపద దాన్ని రెండు రోజులు చొక్కాలోపల పెట్టుకుని తిరిగాడు.

బళ్లో టీచరు శాహానా ఆపా, శుక్ర, శనివారాల సెలవు అయ్యాక బడి తెరిచే ఆదివారం ఎవరు పెంచుకునే జంతువును వాళ్లు తెచ్చి చూపించాలని చెప్పింది. మేకపిల్లలూ పావురాలూ ఎటూ వస్తాయి. తోటి పిల్ల లుబ్నా మాత్రం ఢాకా నుంచి తెప్పించిన తెల్ల కుందేలును తెస్తానని వారం ముందునుంచే చెప్పుకుంటోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, క్లాసంతా తనవైపు మెడలు సాచి చూడాలని ఝుమూర్‌కు ఉంది. టుకును మించింది ఎవరు తేగలరు?

కాని ఆ వాసన! ఝుమూర్ పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడల్లా లుబ్నా రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. "మీ ఇంట్లో చేపల కడుగునీళ్లతో స్నానం చేస్తారా ఏంటే?" అని ఒకసారి అడిగితే అందరూ నవ్వారు. ఝుమూర్ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలతాయి.

అందుకే పొద్దున్నే, రాత్రి వేటకెళ్లిన పడవ రేవుకు చేరగానే టుకును పెరట్లోకి తెచ్చి, మూడుసార్లు సబ్బు పెట్టి రుద్దింది.

"మధ్యాహ్నానికల్లా తెచ్చి తల్లి దగ్గర వదలాలి. ఇంకా పాలు మానని పిల్ల," అన్నాడు నిరాపద, బుట్టలోకి నాలుగు చిన్న చేపలు వేయబోతూ.

"వద్దు బాబా. దానికి ఆకలి లేదు," అంది ఝుమూర్ గభాలున, బుట్ట వెనక్కి లాక్కుని.

బళ్లో టుకు రెండు కాళ్ల మీద నిలబడి చుట్టూ చూసేసరికి పిల్లలందరూ కుందేలును వదిలేసి ఇటు చేరారు. లుబ్నా దాన్ని ఒళ్లోకి తీసుకుని ముక్కు ఆనించింది.

"అబ్బ, ఎంత మంచి వాసనో! మీ పడవల్లోవి కంపు కొడతాయిగా. ఇది వేరే రకమా?"

అందరూ ఝుమూర్ కేసి చూశారు.

"అవును," అంది ఝుమూర్. "ఇది పడవది కాదు. ఖుల్నా పట్నంలో మా మామయ్య పెంచి పంపాడు. మా బాబా దీన్ని ముట్టుకోనైనా ముట్టుకోడు."

"అయ్యో," అంది శాహానా ఆపా. "మీ బాబాను ఒకరోజు రమ్మందామనుకున్నానే. వీటితో చేపలెలా పడతారో పిల్లలకు చెబుతారని."

"ఆయనకేం తెలీదు ఆపా."

ఆపా ఆమెను ఒకసారి పరకాయించి చూసి, మేకపిల్ల వైపు తిరిగింది. ఝుమూర్ తన కాలివేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

ఇంటిదారిలో టుకు బుట్టలోంచి దూకి కాలవలో మునిగి లేచింది. ఎప్పుడూ ఒక్క విదిలింపుతో నీళ్లు దులుపుకునేది, ఇవాళ బొచ్చులోని నూనెంతా సబ్బుకు పోయి తడిగుడ్డలా ముద్దయి గజగజ వణికింది.

రేవులో నిరాపద దాన్ని అందుకుని పడవ మీది బోనులోకి వదిలాడు. బుడి పరుగున వచ్చి పిల్ల మెడ వాసన చూసింది. వెనక్కి తగ్గింది. మళ్లీ చూసింది. పళ్లు బయటపెట్టి బుసకొట్టి, చెవి పట్టి కొరికింది. టుకు సన్నగా ఈలవేస్తూ తల్లి పొట్ట కిందికి దూరబోయిన ప్రతిసారీ అది తన్ని తరిమేసింది.

నిరాపద పిల్లను బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రేవుకొచ్చిన ముసలావిడ, అతని తల్లి, కూడా వంగి వాసన చూసింది.

"బౌమా!" అని ఒడ్డునుంచి ఇంటివైపు కేకేసింది. "నీ సబ్బు దొరికింది!"

ఎవరూ నవ్వలేదు.

"కంపు కొడుతుందనా, తల్లీ?" అన్నాడు నిరాపద మెల్లగా.

ఝుమూర్ తలెత్తలేదు. తండ్రి పాదాలే కనిపిస్తున్నాయి. నీళ్లలో నాని నాని పగిలిన పాదాలు, మడమకు అంటుకున్న ఒక చేప పొలుసు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

పొద్దు వాలుతుండగా, పడవ బయల్దేరేముందు, అందరూ అన్నాలకు కూర్చున్నారు. టుకు పాత వలలో చుట్టుకుని నిరాపద ఒళ్లో పడుకుంది.

"బోనులో బుడి పడుకున్న గడ్డి తెచ్చి దీని చుట్టూ వేయాలి," అన్నాడతను. "ఎవరైనా ఒంటికి హత్తుకుని కూర్చోవాలి. ఆ మనిషి కూడా సబ్బు ముట్టకూడదు. మూడు రోజుల్లో పాత వాసన పడితే తల్లి దగ్గరికి రానిస్తుంది. లేకపోతే దీనికి పాలూ లేవు, పని నేర్పే దిక్కూ లేదు."

"నేను చూస్తాలెండి. దానికి బడి ఉందిగా," అంది బీథిక.

"శుక్రవారం బడి సెలవేగా. అప్పుడు ఝుమూరే దాన్ని పెట్టుకుంటుంది," అంది ముసలావిడ.

"శుక్రవారం దాకా ఇది ఉండాలిగా అమ్మా."

ఝుమూర్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"నేనే పెట్టుకుంటా," అంది. "ఆ గడ్డి నా చాప మీద పరచండి. సబ్బు ముట్టను. రేపు దీన్ని అమ్మ ఒళ్లో పెట్టి, అలాగే బడికెళతా."

"ఆ వాసనతోనా?" అంది బీథిక. "ఆ లుబ్నా ఊరుకుంటుందా?"

"ఊరుకోదు," అంది ఝుమూర్. "ఇది ఖుల్నాలో మామయ్య ఇచ్చిందని చెప్పాను. బాబాకి ఏమీ తెలీదని ఆపాతో చెప్పాను."

నిరాపద చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"అది మా పడవదేనని రేపు అందరి ముందూ చెబుతా," అంది ఝుమూర్, ఈసారి తండ్రి కళ్లలోకి చూస్తూ. "ఎల్లుండి నువ్వు బడికి రావాలి బాబా. చొక్కా మార్చుకోకుండా రా."