ట్రే అంచుతో గీసిన బండి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నా కూతురు రైల్లో తలుపు దగ్గర ఒక్కతే నిలబడి ఉండటం, దాన్ని చూసుకోవాల్సిన మనిషి ఆదమరిచి నిద్రపోతూ ఉండటం. పిడుగులన్నా, పాములన్నా, ఇంజెక్షన్ సూదులన్నా కూడా నాకు భయమే. కానీ వాటి వంతు దీని తర్వాతే.

ఆ చూసుకోవాల్సిన మనిషి మా అత్తయ్య. మంచిదే. ఇంట్లో ఉన్నప్పుడు నేను పక్కగదిలో చక్కెర డబ్బా మూత తీసినా ఆవిడకి వినబడుతుంది. రైలెక్కితే మాత్రం బండి కదలకముందే నోరు తెరుచుకుని నిద్రపోతుంది. నా పెళ్ళైన కొత్తలో ఒకసారి మా స్టేషను దాటిపోయి, ఎక్కడో షెడ్డులో బోగీలు కడిగేవాళ్ళు నీళ్ళు చిలకరిస్తే లేచింది. ఇంటికొచ్చాక అడిగితే, "నిద్రెక్కడమ్మా, కళ్ళు మూసుకున్నానంతే" అంది. ఈరోజుకీ అదే మాట మీద ఉంది.

నా కూతురికి మూడేళ్ళు. దానికి తలుపు కనబడితే చాలు, అవతల ఏముందో చూసి రావాల్సిందే.

ఇద్దరూ మా ఆడపడుచు ఇంటికి వెళ్తామంటే వారం రోజులు వద్దన్నాను. "నీ భయానికి పిల్ల గోడలు చూస్తూ పెరగాలా" అని అత్తయ్య, "రెండు గంటల ప్రయాణమేగా" అని మా ఆయన చెరోవైపు నుంచి వాయించేశారు. సరే అన్నాను. సాయంత్రం వెళ్ళి, ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దున ఎనిమిదింటి బండికి తిరుగు ప్రయాణం. నాలుగు బోగీల చిన్న ప్యాసింజరు అది.

ఆ మర్నాటి పొద్దునే వానకి కొండ పక్కన మట్టి జారి పట్టాల మీద పడింది.

అది నాకు అందరికంటే ముందు తెలిసింది, ఎందుకంటే నేను పనిచేసేది అక్కడే. మా స్టేషను పై అంతస్తులో రైళ్ళ ప్లానింగు గది ఉంటుంది. ఏ బండి ఎప్పుడు కదలాలి, ఏది ఎక్కడ ఆగి దేనికి దారివ్వాలి అన్నీ అక్కడే తేలుస్తారు. నేను వాళ్ళకి టీ పోస్తాను, పెన్సిళ్ళు చెక్కుతాను, రబ్బరు పొట్టు ఊడుస్తాను. మామూలు రోజుల్లో అంతా కంప్యూటర్లోనే. ఏదైనా గందరగోళం వచ్చిందంటే అది చేతులెత్తేస్తుంది, అప్పుడు బీరువాలోంచి దుప్పటంత గ్రాఫు కాగితం తీసి బల్ల మీద పరుస్తారు. ఎడమ పక్క పైనుంచి కిందకి స్టేషన్లు, పైన అడ్డంగా గంటలు, నిమిషాలు. ఏటవాలుగా గీసిన ఒక్కో గీత ఒక్కో బండి. నేను చదువు మానేసింది తొమ్మిదో తరగతిలో, లెక్కల మాస్టారు గ్రాఫులు మొదలుపెట్టిన వారంలో. ఆయన ఎక్కడ ఆపాడో ఈ గది అక్కడ అందుకుంది. రెండేళ్ళు టీ పోస్తూ చూసి చూసి నేర్చుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

ఆ గదికి కొన్ని పద్ధతులున్నాయి. పెన్సిలు గీత అంటే ఆలోచన, ఎర్ర పెన్నుతో దిద్దితే ఆర్డరు. పెన్సిలు గీత ఎవరైనా గీయొచ్చు, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. గీసినవాళ్ళే చెరపాలి, ఇంకొకరు చెరపకూడదు. ఒకసారి అలా చెరిపి ఇద్దరు కొట్టుకునేదాకా వెళ్ళారట, అప్పటినుంచి ఈ రూలు. ఇవన్నీ కాక గోడమీద పెద్ద మేడం రాయించిన బోర్డు ఒకటుంది. "ఈ గదిలో ఎవరి చుట్టాలూ ఏ రైలూ ఎక్కలేదు." అంటే సిఫారసులు కుదరవని. కింద గేటు దగ్గరుండే ఆయన తన బావమరిది పెళ్ళికి వెళ్ళాలి, ఒక బండిని ఐదు నిమిషాలు ఆపండి అని అడిగినందుకు రెండు నెలలు సామాన్ల గదిలో పనిచేశాడు.

ఇక మనుషులు. గ్రాఫు గీసే ఆయన్ని అందరం వెనకాల స్కేలు సార్ అంటాం. స్టీలు స్కేలు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది, భోజనం చేసేటప్పుడు ఎడమ చేతిలో ఉంటుంది. పది అడుగుల దూరంలో కిటికీ పక్కన డ్రైవర్లక్క కూర్చుంటుంది. ఏ బండికి ఏ డ్రైవరో చూసేది ఆవిడే. వీళ్ళిద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. కారణం ఫ్యాను. ఆయనకి ఉక్క, ఆవిడకి ఎగిరిపోయే కాగితాలు. అందుకని ఆవిడ చెప్పాల్సింది చీటీ మీద రాస్తుంది, నేను తీసుకెళ్ళి ఇస్తాను. ఆయన చదివి, వెనక్కి తిప్పి జవాబు రాస్తాడు, నేనే మళ్ళీ తీసుకెళ్ళి ఇస్తాను. అసలు ఆ గదిలో రైళ్ళని నడిపేది నేనేనని అప్పుడప్పుడు అనిపించేది, నవ్వుకునేదాన్ని.

ఆ పొద్దున మట్టి పోయే, వచ్చే రెండు లైన్లలో ఒకదాని మీదే పడింది. రెండోది బాగానే ఉంది. అంటే పోయే బండ్లూ వచ్చే బండ్లూ ఒకే దారిలో వంతులవారీగా వెళ్ళాలి. మట్టికి అవతల రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న స్టేషనుంది. మా చిన్న ప్యాసింజరు అక్కడ ఆగిపోయింది. స్కేలు సార్ దాని గీత దగ్గర ఎర్ర పెన్నుతో చిన్న అడ్డగీత కొట్టాడు. సాయంత్రం ఐదు దాకా దానికి దారి లేదని అర్థం. దూరం బండ్లు ముందు, దగ్గరి బండ్లు తర్వాత, అది మామూలే. నేను ఆ అడ్డగీత చూస్తూ టీ సాసర్లో పోశాను.

తొమ్మిదిన్నరకి వరండాలోకి వెళ్ళి అత్తయ్యకి ఫోను చేశాను. బండి ఆగిందని, వాన చూడ్డానికి బాగుందని, చల్లగాలి వస్తోందని చెప్పింది. చల్లగాలి అంటే ఆవిడకి జోలపాట. పిల్ల ఏదని అడిగితే, ఇక్కడే తలుపు దగ్గర వాన చూస్తోందంది.

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, నిద్రపోకండి."

"నిద్రెక్కడమ్మా, కాసేపు కళ్ళు..."

అక్కడితో ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. దారిపొడుగునా పిల్ల బొమ్మలు చూసి ఛార్జింగు తాగేసి ఉంటుంది. వరండాలో నిలబడి లెక్కేశాను. తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా ఏడున్నర గంటలు. ఏడున్నర గంటల్లో నా కూతురు ఎన్ని తలుపులు చూస్తుంది, పక్క పట్టా మీద ఎన్ని బండ్లు పోతాయి. గదిలోకి వస్తే ఎదురుగా ఆ బోర్డు. ఎవరి చుట్టాలూ ఏ రైలూ ఎక్కలేదట.

పదకొండుకి పది నిమిషాలుందనగా డ్రైవర్లక్క నన్ను పిలిచి చీటీ చేతిలో పెట్టింది. ముఖం చిరాగ్గా ఉంది. "ఆ మహానుభావుడికి ఇచ్చెయ్ చెల్లీ" అంది. నేను చీటీలు చదవను. అంటే, చదువుతున్నట్టు కనబడను. అందులో ఇలా ఉంది: అవతలి చిన్న స్టేషన్లో ఉన్న గూడ్సు బండికి డ్రైవరు లేడు. డ్యూటీ మారాల్సినాయన వస్తున్న దారిలో కూడా మట్టి పడింది, ఒంటిగంట దాకా రాలేడు.

ఆ గూడ్సు గీత నాకు బాగా తెలుసు. పదకొండూ ఇరవైకి ఆ స్టేషన్లో మొదలై మట్టి పక్కనుంచి మా వైపు వచ్చే గీత. అంటే ఇప్పుడు పదకొండూ ఇరవై నుంచి నలభై దాకా దారి ఖాళీ. దాని పక్క లైన్లోనే మా నాలుగు బోగీల బండి, ఇంజనూ డ్రైవరూ సహా పనిలేక నిలబడి ఉంది. వెనకాల వస్తున్న ఎక్స్‌ప్రెస్‌కి ఆ ఖాళీ అందదు, అది ఇంకా వెనక స్టేషన్లోనే ఉంది. ఇదంతా ఆ బల్ల దగ్గర నిలబడితే నాకే కనబడుతోంది. చీటీ ఇస్తే సార్‌కీ కనబడొచ్చు. ఆ ఖాళీలో ఇంకేదో కనబడినా కనబడొచ్చు.

నేను చీటీని వెంటనే ఇవ్వలేదు. మూడు నిమిషాలు నా దగ్గరే ఉంచుకున్నాను. అది తప్పు, కాదనను.

స్కేలు సార్ ఫోను మాట్లాడుతూ కిటికీ వైపు తిరిగాడు. నేను టీ ట్రే బల్ల మీద పెట్టాను. చెవి మీదున్న, అప్పుడే చెక్కిన పెన్సిలు తీశాను. స్కేలు ఆయన చేతిలోనే ఉంది కదా, అందుకని ట్రే అంచుని కాగితానికి ఆనించి, గూడ్సు గీతకి కొంచెం ఎడంగా, పదకొండూ ఇరవై చుక్క నుంచి పదకొండూ నలభై చుక్క దాకా ఒక్క గీత లాగాను. పక్కన మా చిన్న బండి నంబరు వేశాను. పొట్టి సంతకం పెట్టలేదు. ఏం పెట్టను, టీ అనా?

కప్పు ఆయన చేతికి అందేంత దూరంలో పెట్టి, చీటీ దాని కింద దూర్చాను.

ఆయన చీటీ చదివాడు. గూడ్సు గీత చెరపడానికి రబ్బరు తీశాడు, అది ఆయన గీసిందే. చెరిపాక దాని పక్కనే ఇంకో గీత కనబడింది. కళ్ళజోడు పైకి తోసి చూశాడు. వేలితో స్టేషను నుంచి స్టేషనుకి నడిచాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని ఎవరినీ చూడకుండా అడిగాడు.

"ఇది ఎవరిది?"

ఆయన ఓరగా డ్రైవర్లక్క వైపు చూశాడు. డ్రైవరు లేడని తెలిసింది ఆవిడకే కాబట్టి ఆలోచన కూడా ఆవిడదే అనుకున్నాడు. అడగాలంటే మాట్లాడాలి. ఎనిమిది నెలల పంతం. అక్కడ ఆవిడేమో మెడ సాచి చూసి, చీటీ అందిన నిమిషంలోనే దారి కనిపెట్టాడే అని మొదటిసారి ఆయన వైపు కాస్త మర్యాదగా చూసింది. ఆ చూపుని ఆయన, "ఎలా ఉంది నా ఐడియా" అన్నట్టు తీసుకున్నాడు. గీసినవాళ్ళే చెరపాలి కాబట్టి చెరపడానికి లేదు. తప్పు పట్టడానికి అందులో తప్పూ లేదు.

అప్పుడే పెద్ద మేడం లోపలికి వచ్చింది. బల్ల మీదకి వంగి చూసింది. ఆ చిన్న బండి కదిలితే ఆ స్టేషన్లో ఒక లైను ఖాళీ అవుతుంది, వెనకున్న ఎక్స్‌ప్రెస్‌ని అందులోకి తెచ్చుకోవచ్చు, ఆ వెనక ఇంకో బండిని జరపొచ్చు అని తనలో తను గొణుక్కుంది. పొద్దున్నుంచి బిగుసుకున్న ముడికి ఇదే కొస అంది. ఎవరి ఆలోచన అని అడిగింది. స్కేలు సార్ వినయంగా తల వంచాడు. డ్రైవర్లక్క కూడా, సమాచారం తనదే కాబట్టి, వినయంగానే తల వంచింది. నేను అందరికంటే కిందకి వంచి రబ్బరు పొట్టు ఊడ్చాను.

ఎర్ర పెన్ను నా గీత మీద నడిచింది. సార్ ఫోనెత్తి ఆ చిన్న స్టేషనుకి చెప్పాడు. డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో కనుక్కోండి అని నాకు నోటిదాకా వచ్చింది.

పదకొండూ ఇరవై రెండుకి బండి కదిలిందని కబురు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు నేను చెక్కిన పెన్సిళ్ళనే మళ్ళీ చెక్కాను. రెండు పెన్సిళ్ళు బొటనవేలంత అయిపోయాయి.

కిందికి పరిగెత్తబోతుంటే స్కేలు సార్ పిలిచాడు. గదిలో నేను తప్ప ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. గ్రాఫు మీద ఆ గీత మధ్యలో చిన్న మెలిక ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆయన గీతకి మెలిక పడలేదు. ఆయన నా ట్రే అందుకుని, నేను చేరిన మొదటి రోజు మెట్ల మీద పడేసినప్పుడు అంచుకి పడిన సొట్టని, గీత మెలిక మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. బోర్డు వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను సామాన్ల గదిలో పని ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

"ఆ బండిలో ఎవరున్నారో నేను అడగను," అన్నాడు మెల్లగా. "ఇంకోసారి గీస్తే సొట్ట లేనివైపు గీయమ్మాయ్."

ట్రే నా చేతికిచ్చి, వెళ్ళి ఫ్యాను ఆపాడు. డ్రైవర్లక్క తలెత్తి, ఏదో అనబోయి, పక్కనున్న పేపర్‌వెయిట్ తీసి కాగితాల మీద పెట్టుకుని, మళ్ళీ వేసుకోండి ఫరవాలేదంది. వాళ్ళిద్దరిమధ్యా నేను మోయని మొదటి మాట అది.

బండి ప్లాట్‌ఫారం మీదకి వచ్చింది. రెండో బోగీలో మా అత్తయ్య నోరు తెరుచుకుని, తల కిటికీకి ఆనించి ఉంది. ఆవిడ శాలువా కొస ఒకటి ఆవిడ చేతికి, రెండోది నా కూతురి నడుముకి రెండు ముళ్ళు వేసి కట్టుంది. శాలువా ఎంత పొడుగుంటే అంత దూరం, అంటే తలుపుకి సరిగ్గా రెండడుగుల ఇవతల, పిల్ల నిలబడి ఉంది. ఆ రెండడుగులు నా ప్రాణానికి చాలలేదు. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ష్, అమ్మా. నానమ్మ కళ్ళు మూసుకుంది."

ఎత్తుకున్నాను. ఆవిడ బిగించిన ముళ్ళు విప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆవిడ లేవలేదు.

ఆ తర్వాత అత్తయ్యకి ధైర్యం వచ్చేసింది. ఇప్పుడు నెలకి రెండు గురువారాలు ఇద్దరూ మా ఆడపడుచు ఇంటికి వెళ్ళొస్తారు. తిరిగొచ్చేది పొద్దున ఎనిమిదింటి చిన్న బండిలో, నాలుగు బోగీలు, సాధారణంగా రెండోది. నేను పైనుంచి ఆ గీతనే చూస్తూ ఉంటాను, గీతలో మనుషులు కనబడరు. మీరెప్పుడైనా ఆ బండి ఎక్కితే ఒక్క పని చేసిపెట్టండి. నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దావిడ, పక్కన బూడిదరంగు శాలువా కనబడుతుంది. ఆవిడని లేపకండి, లేపినా ఒప్పుకోదు. శాలువా రెండో కొస దాకా వెళ్ళి, అక్కడ నా కూతురుందో లేదో ఒక్కసారి చూడండి.