ఊపిరి వంతు

కుళాయి కింద గాజు ఫ్లాస్కు నిండుతుంటే భానుమతి మాస్కు గడ్డం కిందికి లాగి ఒకే స్వరం పట్టుకుని నిలబడింది. పోయినేడాది వరకు ఫ్లాస్కు అంచుదాకా నిండినా ఆమె ఊపిరి అయిపోయేది కాదు. ఇప్పుడు సగం నిండకముందే దగ్గు తన్నుకొచ్చింది. "ఛీ, పాడు ఊపిరి!" అని తిట్టుకుని, నీళ్లు ఒంపేసి, మళ్లీ కుళాయి తిప్పింది.

జర్మనీలోని డ్రెస్డెన్ యూనివర్సిటీ ల్యాబుల్లో గాజుసామాను కడగడం ఆమె ఉద్యోగం. తన రీసెర్చికని ఆమెను తీసుకొచ్చిన భర్త గోవిందరాజులు అర్ధాంతరంగా పోయినా ఆమె వెనక్కి వెళ్లలేదు. ఆమె కడిగిన ఫ్లాస్కుల్లో ఎందరో డాక్టరేట్లు వండుకున్నారు, ఒక్కరి థీసిస్‌లోనూ ఆమె పేరు లేదు. పొట్టి మనిషి, యాసిడ్ మరకల వేళ్లు, కోపం ముక్కు మీదే. గురువారం సాయంత్రాలు మాత్రం చర్చి కోరస్‌లో, కింది స్థాయి పాడే ఆడగొంతుల ఆల్టోల వరసలో నిలబడేది. ఉగాది సంబరాల్లో ఎవరో "మతం పుచ్చుకున్నారటగా?" అని ఆరా తీస్తే, "గొంతుకి జలుబుంటుంది గానీ మతమేంటండీ!" అని నోరు మూయించింది.

కోరస్‌లో ఒక కట్టుబాటు ఉంది. పొడుగాటి స్వరం వచ్చినప్పుడు పక్కపక్కవాళ్లు ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఒకరు తీసుకుంటుంటే ఇంకొకరు స్వరం పట్టి ఉంచాలి. భానుమతి పక్కన కరీంనగర్ నుంచి చదువుకోడానికొచ్చిన కౌసల్య పాడుతుంది. ఆ వంతులు ఆ పిల్లకి నేర్పింది భానుమతే.

డిసెంబరులో కోవిడ్ భానుమతి ఊపిరితిత్తుల్లో సగం పట్టుకుపోయింది. అయినా ఏడాదిన్నర మూతపడ్డ కోరస్ సెప్టెంబరులో మాస్ అనే పెద్ద ప్రార్థనా సంగీతంతో మళ్లీ లేస్తుంటే ఆమె ఒక్క రిహార్సలూ మానలేదు. నిన్నటి ఆఖరి రిహార్సల్లో ఆమె దగ్గు విన్న, కోరస్‌ని నడిపించే కండక్టర్ ఫ్రావు క్లైన్ కచేరీ రోజైన ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి, శ్రోతల ముందు వరసలో గౌరవంగా కూర్చుని వినమంది.

"ఆ గౌరవం ఇంకెవరికైనా ఇవ్వండి" అని పెట్టేసింది భానుమతి.

సాయంత్రం నల్ల చీర కట్టి, చర్చి గుమ్మంలో టెస్టు చేయించుకుని, తిన్నగా వెళ్లి కోరస్‌లో తన కుర్చీలో కూర్చుంది. ఫ్రావు క్లైన్ చూసి తల తిప్పుకుంది. కోవిడ్ రూలు ప్రకారం కుర్చీలు దూరం దూరంగా వేశారు. కౌసల్య అటునుంచే వంగింది.

"ఆంటీ, ఆఖర్ల వచ్చే గా పొడుగు స్వరం నేనే పట్టుకుంట. మీరు ఉత్తగ పెదవులు ఆడించుండ్రి."

"పెదాలాడించడానికి నేనేమన్నా చేపనా? నీ వంతు నువ్వు చూసుకో. నా వంతు నేనెప్పుడన్నా ఎగ్గొట్టానా?"

దగ్గు అణచడానికి స్టీలు డబ్బాలోంచి తాటికలకండ ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది.

ఆర్కెస్ట్రా మొదలైంది, అందరూ లేచి నిలబడ్డారు. దగ్గొచ్చినప్పుడల్లా పెద్ద డోళ్లు మోగేదాకా బిగబట్టి, ఆ మోతలో దగ్గేసి, మళ్లీ అందుకుంది. అలా చివరికొచ్చారు. శాంతినిమ్మని అడిగే మాట మీద ఆల్టోల పొడుగు స్వరం. కౌసల్య ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోలేదు. ఈ పిల్ల నా వంతు కూడా మోస్తోంది, పిచ్చిపిల్ల, అనుకుంది భానుమతి. అనుకున్నంతా అయింది. సరిగ్గా భానుమతి ఊపిరి తీసుకోవాల్సిన చోటుకి కౌసల్య గొంతు తెగిపోయింది.

ఇప్పుడు తనూ వదిలితే వాళ్ల వైపు స్వరానికి కన్నం పడుతుంది. ఛాతీ మండింది. కళ్ల ముందు కొవ్వొత్తులు అలుక్కుపోయాయి. సగం తిన్నావుగా, ఈ సగం నాది, చచ్చినా ఇవ్వను, అని ఆ రోగాన్ని మనసులోనే తిడుతూ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. స్వరం దారంలా సన్నబడింది కానీ తెగలేదు. కౌసల్య ఊపిరి పీల్చుకుని వచ్చి అందుకుంది.

చప్పట్లు కొట్టినవాళ్లకి ఇదేమీ తెలియదు.

"మాఫ్ చెయ్యుండ్రి ఆంటీ" అని ఏడ్చింది కౌసల్య.

"ఏడుపెందుకే? రెండు వంతులు ఒక్కదానివే మొయ్యకు. రేపు పక్కనెవరొచ్చినా వాళ్లకీ నేర్పు."

"ఎవలో వచ్చుడేంది? మీరు రారా?"

భానుమతి వేదిక దిగడానికి కదిలింది. మెట్ల దగ్గర ఫ్రావు క్లైన్ చెయ్యి అందించబోతే వద్దంది.

"నన్నెవరూ దింపలేదు. నేనే దిగుతున్నాను" అని కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగి, తలుపు దాటి వెళ్లిపోయింది.

వెళ్లేముందు ఆమె తన కుర్చీని బరబరా లాగి, రూలునీ దూరాన్నీ లెక్కచేయకుండా, కౌసల్య కుర్చీకి ఆనించి పెట్టింది. దాని మీద సొట్టపడ్డ స్టీలు డబ్బా ఉంది, నిండా తాటికలకండతో.