మెత్తటి అన్నం

వెండి సామానుకు మెరుగుపెట్టే షెడ్డులో అతన్ని అందరూ బండోడు అనేవాళ్ళు. మనిషి అంత లావు. బల్ల మీద ఒక చివర అతను కూర్చుంటే రెండో చివర ఉన్నవాడు గాల్లోకి లేస్తాడని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వేది అతనే. ఒక మధ్యాహ్నం పనిలో గొంతెండిపోయి, తన నీళ్ళ సీసానే అనుకుని, ఎవరో యాసిడ్ పోసిపెట్టిన సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

ప్రాణం పోలేదు. షెడ్డు యజమాని దగ్గర్లోని చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాడు. నోట్లో పుండ్లు మానాయి. గండం గడిచిందనుకున్నారు. కానీ గొంతు కింద, తిండి దిగే గొట్టం కాలిన చోట మచ్చ కట్టి, రోజురోజుకీ బిగుసుకుపోసాగింది. ముందు ముద్ద దిగడం ఆగింది. తర్వాత జావ. తర్వాత పాలు. చివరికి నీళ్ళు కూడా కాసిని లోపలికి, మిగతావి తువ్వాలు మీదికి. ఆసుపత్రికి పోదామంటే "దానంతటదే తెరుచుకుంటుందిలే అక్కా" అని దాటవేసేవాడు. గొంతులో ఏదన్నా దింపుతారని అతనికి చచ్చేంత భయం.

అక్క ఒక బడిలో పిల్లలకి వంట చేస్తుంది. అమ్మ పోయినప్పటినుంచీ తమ్ముణ్ణి ఎత్తుకుని తిప్పిందీ, తినిపించి పెంచిందీ ఆవిడే. రోజూ బడినిండా పిల్లల కడుపులు నింపి ఇంటికొస్తే, సొంత తమ్ముడు గోడకి చేరగిలబడి ఖాళీ కడుపుతో కనబడేవాడు. ఒకరోజు ఇక ఊరుకోలేక, "వస్తావా, భుజాన వేసుకుని పొమ్మంటావా?" అంది. అప్పటికి నిజంగానే భుజాన వేసుకోగలిగినంత తేలికైపోయాడు.

పెద్దాసుపత్రిలో డాక్టర్లు సన్నటి గొట్టం దింపి, మూసుకుపోయిన చోటు మెల్లగా వెడల్పు చేశారు. బయటికి తీసుకొచ్చాక చెంచాతో నీళ్ళు పోస్తే గుటుక్కున మింగాడు. ఆ గుటక చప్పుడు విని అక్క గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

అతని దగ్గరికి ఆ మర్నాడు పొద్దున వచ్చింది ట్రైనీ అమ్మాయి. చదువు పూర్తిచేసి డైటీషియన్‌గా శిక్షణలో చేరి ఎంతోకాలం కాలేదు. తెల్లకోటు ఇంకా ఒంటికి అలవాటు పడలేదు. రోగి ఎంత చిక్కిపోయాడో, ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో తేల్చడం ఆమె పని. తూకం వేసింది. ఇదివరకు ఎంత ఉండేవాడో అడిగింది. జబ్బకి టేపు చుట్టి కొలిచింది. పిడికిలి బిగించమని తన వేళ్ళు అందించింది. ఆ పట్టులో బలమే లేదు.

"కొలతలు తీస్తున్నారు, చొక్కా కుట్టిస్తారా మేడం?" అన్నాడతను. గొంతు బొంగురుగా ఉంది. "కాస్త వదులుగానే కుట్టించండి. నాలుగు రోజుల్లో మళ్ళీ బండోణ్ణి అయిపోతాను."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ ఎంత చిక్కిపోయాడో లెక్క చూసుకుంటే ఆ నవ్వు నిలవలేదు. పరీక్షలో ఈ ప్రశ్నకి ఆమెకి మంచి మార్కులొచ్చాయి. చాలాకాలం పస్తున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. తిండి లేనన్నాళ్ళూ ఒళ్ళు తన సొంత కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ, ఉన్న ఖనిజాలతో ఎలాగో నెట్టుకొస్తుంది. హఠాత్తుగా అన్నమూ చక్కెరా వచ్చిపడితే వాటిని వాడుకోవడం కోసం నెత్తురులో మిగిలిన ఆ కాస్త ఫాస్ఫరస్సూ, పొటాషియమూ లోపలికి లాగేసుకుంటుంది. అవి లేకపోతే గుండె కొట్టుకోలేదు, ఊపిరి ఆడదు. అందుకే ముందు విటమిన్ ఇంజెక్షన్, తర్వాత చిన్న కప్పుతో పాలలాంటి ద్రవం, రోజూ నెత్తురు పరీక్ష, ఏ తేడా లేకపోతే మర్నాడు ఇంకాస్త. ఆమె రాసిన పద్ధతి చూసి, ఆమె పైఅధికారి అయిన పెద్ద మేడం ఏమీ దిద్దకుండా సంతకం పెట్టింది. "ఇంటివాళ్ళకి బాగా చెప్పు" అని మాత్రం అంది.

ఆమె చెప్పింది. సాయంత్రం బడినుంచి నేరుగా వచ్చిన అక్కని వరండాలో నిలబెట్టి చెప్పింది.

"అక్కా, మీ తమ్ముడికి రీఫీడింగ్ రిస్క్ చాలా ఎక్కువ. క్యాలరీలు మెల్లగా పెంచుతాం. లేకపోతే ఎలక్ట్రోలైట్స్ పడిపోతాయి, కాంప్లికేషన్స్ వస్తాయి. అందుకని ఇప్పుడప్పుడే బయటి తిండి ఏదీ పెట్టొద్దు. మేమిచ్చే లిక్విడ్ మాత్రమే. సరేనా?"

"సరేనమ్మా."

"అర్థమైందా అక్కా?"

"అర్థమైందమ్మా. నువ్వెలా చెబితే అలాగే."

అర్థమైందన్న మనిషిని ఇంకేం అడుగుతారు? వార్డులో ఇంకో మంచం దగ్గర ఎవరో పిలుస్తున్నారు. ఆమె వెళ్ళిపోయింది.

బండోడికి మాత్రం ఆ కప్పు చూస్తే ఒళ్ళు మండిపోయేది. "ఇన్నాళ్ళూ గొంతు మూసుకుపోయి తినలేదు. డాక్టరుగారు తెరిచారు. మళ్ళీ మీరు మూస్తారేంటి మేడం?" అనేవాడు. పక్కమంచం ముసలాయన భోజనం చేస్తుంటే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కోపం చల్లారాక మళ్ళీ తనే బతిమాలేవాడు. "రెండంటే రెండు ముద్దలు. మీ తమ్ముడే అడిగాడనుకోండి." ఆమె అటువైపు చూడకుండా కప్పు అందించేది. తాను మంచే చేస్తున్నానన్న ధైర్యం ఒక్కటే ఆమెని ఆ మంచం దగ్గర నిలబెట్టేది.

తర్వాత ఒక పొద్దున తూకం వేస్తే ముల్లు ముందుకి జరిగింది. నమ్మలేక అతన్ని దింపి మళ్ళీ ఎక్కించింది. నిజమే, పెరిగాడు. ముఖంలో కూడా కాస్త నిండుదనం కనిపించింది.

"చూశారా, పద్ధతిగా తింటే ఎలా కోలుకుంటున్నారో!" అంది సంతోషం పట్టలేక.

అతను ఎందుకో సిగ్గుపడినట్టు నవ్వాడు. "మీ చలవే మేడం. కాకపోతే కొంచెం ఆయాసంగా ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పడుకుని పడుకుని అనుకుంటా."

ఆమె పరిగెత్తినంత పనిచేసి పెద్ద మేడానికి చెప్పింది, బరువు పెరిగాడని. పెద్ద మేడం ముఖంలో సంతోషం కనబడలేదు. లేచి వార్డుకి వచ్చింది. దుప్పటి తొలగించి అతని చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదమ్మాయ్, నీరు" అంది మెల్లగా. అతనివైపు తిరిగి, "బాబూ, నిజం చెప్పు. నిన్నా మొన్నా ఏం తిన్నావు?"

అతను అటూ ఇటూ చూశాడు. దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. "అక్క తెచ్చిందండి. పాలల్లో ఉడికించిన తీపన్నం. మా అక్క చేస్తే... ఏం చెప్పమంటారు. రెండు సాయంత్రాలూ డబ్బా ఖాళీ చేసేశాను. అక్కనేమీ అనకండి. నేనే అడిగాను."

పెద్ద మేడం డాక్టరు కోసం అప్పుడే ఫోన్ అందుకుంది. ఆ పొద్దున తీసిన నెత్తురు ఫలితం కోసం ల్యాబ్‌కి మనిషిని పంపారు. ఫాస్ఫరస్ దాదాపు అడుగంటింది. అతన్ని ఐసీయూకి తరలించి, దాన్ని నరంలోంచి ఎక్కించడం మొదలుపెట్టారు. స్ట్రెచర్ మీద పోతూ కూడా, "డబ్బా మంచం కింద ఉంది మేడం, అక్కకి ఇచ్చెయ్యండి, రేపు బడికి కావాలి" అన్నాడు.

రాత్రి గడిచింది. తెల్లవారాక గుండె లయ తప్పింది. డాక్టర్లు చెయ్యాల్సినవన్నీ చేశారు. ఎండ కిటికీ దాకా రాకముందే బండోడు పోయాడు.

అక్కకి డాక్టరు చెప్పింది రెండు ముక్కలు. "బాగా నీరసించిపోయాడమ్మా, గుండె తట్టుకోలేదు." ఆవిడ తలూపింది. షెడ్డు స్నేహితులు వచ్చారు. అతన్ని మోయడానికి నలుగురూ నడుం వంచి గట్టిగా ఎత్తబోయారు. ఆ బరువుకి అంత బలం అక్కర్లేకపోవడంతో తూలిపడబోయారు. అందులో ఒకడు మెట్ల దగ్గర కూలబడి బావురుమన్నాడు.

ట్రైనీ అమ్మాయి ఆ రోజంతా డైట్ కిచెన్‌లో కప్పులు అటునుంచి ఇటు సర్దుతూ ఉండిపోయింది. పెద్ద మేడం వచ్చి పక్కన నిలబడింది.

"ఆవిడకి చెప్పాలా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏమని?"

"అన్నం వల్లేనని."

పెద్ద మేడం ఆమె చేతిలోని కప్పు తీసి పక్కన పెట్టింది. "చెప్పి ఏం సాధిస్తావు? పోయినవాడు రాడు. ఆవిడ మిగిలిన బతుకంతా పొయ్యి ముందే గడపాలి. చెప్పకు."

ఆమె చెప్పలేదు. అక్కే వచ్చింది. కర్మకాండ అయిపోయాక ఒక మధ్యాహ్నం, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, డైటీషియన్ల గది తలుపు దగ్గర నిలబడింది. పెద్ద మేడం మీటింగులో ఉంది. ట్రైనీ అమ్మాయి లేచి కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"నిన్నొకటి అడగాలని వచ్చానమ్మా. నర్సు ఒకావిడ ఇంకొకావిడతో అంటుంటే నా చెవిన పడింది, బయటి తిండి తిన్నాడని. అదేనా? నేను పెట్టినదాని వల్లేనా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. గుండె బలహీనం అక్కా, ఎలాగూ జరిగేదే అని అనేస్తే అయిపోయేది. ఆ అమ్మాయి ఆవిడ చేతులవైపు చూసింది. వేళ్ళనిండా పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు.

"అవునక్కా" అంది. "వద్దని చెప్పాను కదా అక్కా... ఎందుకు పెట్టారు?"

"ఎక్కడ వద్దన్నావు?" అక్క గొంతు పైకి లేవలేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. "గొంతు పుండు కదా, బయటి తిండి పెట్టొద్దన్నావు. హోటలుది, బండిమీదది వద్దన్నావనుకున్నా. గట్టివి గీరుకుంటాయి, పలచటివే పెట్టాలన్నావనుకున్నా. అందుకే బయటిదేమీ కొనలేదు. నా చేత్తో నేను ఉడికించి, చిదిమి, గుడ్డలో వడకట్టి తెచ్చాను. ఒక్క పలుకు లేకుండా మెత్తగా చేసి తెచ్చానమ్మా. నువ్వు చెప్పినట్టే చేశాననుకున్నా."

ఆ అమ్మాయికి తాను ఆరోజు వరండాలో వాడిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఈ మనిషికి చెప్పినట్టు లేదు. పరీక్షకుల ముందు నిలబడి చెప్పినట్టుంది.

"ఎక్కువ తింటే ప్రాణం పోతుందని నేను చెప్పలేదక్కా" అంది. "వేరే మాటలేవో చెప్పాను. అర్థమైందా అంటే అర్థమైందన్నారు, నేను వెళ్ళిపోయాను. తప్పు నాదక్కా."

"చదువుకున్నదానివి, నాలుగుసార్లు అడిగితే విసుక్కుంటావేమోనని అర్థమైందన్నాను."

అక్కే మళ్ళీ అడిగింది. "వాడికి తెలుసా?"

"తెలీదు. బాగా తిన్నానని సంతోషంగానే ఉన్నాడు. మిమ్మల్నేమీ అనొద్దన్నాడు."

"అంటే వాడికీ తెలీదు, నాకూ తెలీదు" అంది అక్క. "తెలిసింది నీకొక్కదానికే."

వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వెనకాల వెళ్ళాలనుకుంది. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. సాయంత్రం పెద్ద మేడానికి అంతా చెప్పేసింది. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "నేనూ వచ్చి ఒకసారి చెప్పి ఉండాల్సింది" అంది. తిడితే బాగుండుననిపించింది ఆ అమ్మాయికి.

ఉద్యోగం మానేద్దామనుకుంది. ఇంట్లో అమ్మ పళ్ళెం ముందు పెడితే ముద్ద దిగేది కాదు. "నీకేమయిందే?" అని అమ్మ అడిగితే, "ఆకల్లేదమ్మా" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆకలితో అలమటించిన మనిషి ముఖం కళ్ళముందు నిలిచేది. ఒక సెలవురోజు బడిదాకా వెళ్ళింది. వంటగదిలో ఎవరో కొత్తమనిషి గరిటె తిప్పుతోంది. అక్క వంట వదిలేసిందనీ, గదులు ఊడవడానికి మారిందనీ కాపలావాడు చెప్పాడు. పిలవమంటారా అని అడిగాడు. వద్దని తిరిగొచ్చేసింది.

కొన్నాళ్ళకి వార్డులోకి ఒక కాలేజీ పిల్ల వచ్చింది. ఏదో జబ్బుతో వాంతులై వాంతులై తిండి నిలవక, మంచానికి అతుక్కుపోయి ఉంది. వాంతులు తగ్గాయి, ఆకలి తిరిగొచ్చింది. తల్లి డబ్బా నిండా తెచ్చి మంచం పక్కన విప్పుతోంది.

ట్రైనీ అమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. "అమ్మా, ఇది పెడితే మీ పాప చచ్చిపోతుంది."

వార్డంతా ఇటు తిరిగింది. తల్లి చేతిలో డబ్బా ఒరిగింది. "ఏం మాటలే అవి? నీ నోరు పడిపోనూ!"

"తిట్టండి. నేను ఇప్పుడేం చెప్పానో మీరు తిరిగి చెప్పండి."

"చెప్పను పో!"

"చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను. ఆకలితో ఎండిపోయిన ఒంటికి ఒక్కసారి నిండుగా పెడితే గుండె ఆగిపోతుంది. మెత్తగా చేసినా ఆగిపోతుంది. మీ చేత్తో చేసినా ఆగిపోతుంది. చెప్పండి, ఏమవుతుంది?"

తల్లి ఏడుస్తూ, శాపనార్థాలు పెడుతూ, ఆఖరికి చెప్పింది. గుండె ఆగిపోతుందని. డబ్బా మూత పెట్టేసింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ అమ్మాయి ముఖం చూసి మాట్లాడలేదు. కూతురు కోలుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు తల్లి సూపరింటెండెంటుకి ఫిర్యాదు చేసి మరీ వెళ్ళింది. జాలీ దయా లేని రాయి, అలాంటిదాన్ని రోగుల దగ్గర ఎలా ఉంచుకుంటారని.

పెద్ద మేడం ఆమెని పిలిచింది. ఫిర్యాదు సంగతి చెప్పి, "అంత కటువుగా ఎందుకమ్మాయ్? కాస్త మెల్లగా చెప్పొచ్చుగా" అంది.

"మెల్లగా ఒకసారి చెప్పానండీ" అంది ఆ అమ్మాయి.