కడుపుమంటకి ఏం రాస్తావ్

టప్... టప్... టప్.

దాని పక్కనే టిపటిపటిప.

పెద్ద అడుగు ఒకటి పడేలోగా చిన్న అడుగులు రెండు. కాలువ కట్ట మీద మట్టి ఆ వేళకి మంచుకి తడిసి ఉంటుంది. చప్పుడు మెత్తగా వస్తుంది. కల్లంలో కూర్చున్న నా దాకా వస్తుంది.

నేను తల ఎత్తను.

ఎత్తకుండానే తెలుసు. పెద్ద అడుగు మా ఆయనది. ఇమ్మానుయేలు, స్కూలు వ్యాను నడుపుతాడు. చిన్న అడుగులు మా జాస్మిన్‌వి. దానికి ఏడేళ్ళు.

నా ముందు కుప్ప. ఎండిన మిరపకాయలు, ఎర్రగా, మోకాలెత్తున. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయని ఏరి పక్కన సంచిలో వెయ్యడం నా పని. మంచుకి కాయ మెత్తబడి ఉంటుంది, ఘాటు లేవదు. అందుకే పొద్దు పొడవకముందే కూర్చుంటాం, ఆసామి కల్లంలో, మా ఇంటి వెనకే. నేనూ, జైతున్‌బీ పిన్నీ.

వాళ్ళేమో పరుగు. నేనేమో తాలు.

సంక్రాంతి వెళ్ళాక ఆయనకి షుగరు బయటపడింది. సత్తెనపల్లి డాక్టరు నడవమన్నాడు. ఈయన పరిగెడతానన్నాడు. ఒక్కడికీ తోచక పిల్లని లేపాడు. మొదటిరోజు అది రానని ఏడ్చింది. కాళ్ళు నొప్పులంది, చలంది, కుక్కలంది. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో!

రెండోరోజు ఆయన కథ మొదలుపెట్టాడు.

కట్ట మీద కరెంటు స్తంభాలున్నాయి. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా కథ. అక్కడ ఆపేస్తాడు. తర్వాత ఏమైందో కావాలంటే తర్వాతి స్తంభం దాకా పరిగెత్తాలి. ఒక నక్క సంతకి చెప్పులు కొనడానికి పోతుందట. నాలుగు కాళ్ళకి రెండు జతలు కావాలట. ఇంతవరకే నాకు తెలుసు. అదీ చాటుగా విన్నది.

మూడోరోజు అదే ఆయన్ని లేపింది.

కొత్త షూ కొన్నాడు దానికి. గులాబీ రంగువి. సాక్సులు వద్దు, ఉత్త కాళ్ళకే వేసుకుంటుంది.

పరుగయ్యాక ఇంటికొచ్చి, ఇడ్లీ ముందు కూర్చుని, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఊరికే నవ్వుతారు.

"ఏంటే?" అన్నాను ఒకరోజు.

"నక్క."

"నక్క ఏం చేసింది?"

"నీకు తెలీదులే అమ్మా. నువ్వు రావుగా."

నీకు తెలీదులే.

తొమ్మిది నెలలు మోసినదానికి తెలీదు. వ్యాను తోలేవాడికి తెలుసు!

నా చేతుల సంగతి చెప్పాలి. కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఇవి కారం చేతులు. నాకు మంట తెలియడం ఎప్పుడో మానేసింది. నేను ముట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. పోయినేడు దాని మొహం తుడవబోతే కన్ను మండి సాయంత్రం దాకా ఏడ్చింది. అప్పట్నుంచి నేను చెయ్యి చాస్తే అర అడుగు వెనక్కి వేస్తుంది. పాపం, కావాలని కాదు. కానీ వేస్తుంది. జడ కూడా ఆయనే వేస్తాడు, ఒకటి కిందకీ ఒకటి పైకీ. ఆ వంకర జడలు ఊపుకుంటూ బడికి పోతుంది... ఎంత గర్వమో.

"ఏందే రెబ్కా, మంచి కాయ తాలులో వేస్తున్నావ్?" అంది జైతున్‌బీ పిన్ని.

చూసుకున్నాను. నిజమే.

పిన్ని కట్ట వైపు చూసింది. నా వైపు చూసింది. ముసలిదానికి అర్థం కానిదేముంది.

"చేతిమంటకైతే పెరుగు రాస్తే పోద్ది. కడుపుమంటకి ఏం రాస్తావే?"

చెంగుతో మూతి కప్పుకుని ఏరుతూ కూర్చున్నాను.

కుళ్ళే. ఒప్పుకుంటున్నాను. మొగుడి మీద కుళ్ళు. కన్నకూతురు నవ్విందని కుళ్ళు.

ఆ సాయంత్రమే ఆ పని చేశాను.

గుమ్మం దగ్గర రెండు గులాబీ షూ. ఒకటి తీశాను. చెంగు కింద పెట్టుకుని కల్లంలోకి నడిచాను. తాలు సంచి మూతి విప్పి లోపలికి తోశాను, మోచెయ్యి మునిగేదాకా. ఒక్కరోజు... ఒక్కరోజు పోకపోతే ఏమవుతుంది? నా పక్కన కూర్చుంటుంది. నాతో ఇడ్లీ తింటుంది.

అంతే అనుకున్నాను.

తెల్లారింది. ఇల్లంతా వెతికింది. మంచం కింద, వ్యానులో, కోళ్ళ గంప కింద. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఉన్న ఒక్క షూ వేసుకుని గుమ్మంలో కూర్చుంది. రెండో కాలు ఉత్తది, చలికి వేళ్ళు ముడుచుకుని.

నా వల్ల కాలేదు.

వెనకనుంచి వెళ్ళాను. సంచిలోంచి తీశాను. దులిపాను. లోపల చెయ్యి పెట్టి తడిమాను. శుభ్రంగానే ఉంది. మంట లేదు. ఏమీ లేదు.

ఎవరి చేత్తో తడిమానో ఆలోచించలేదు.

"ఇదిగోనే. కుక్క లాక్కెళ్ళినట్టుంది."

ఎగిరి గంతేసింది. వేసుకుంది. పరిగెత్తింది.

టప్... టప్... టిపటిపటిప.

ఒకటో స్తంభం. రెండో స్తంభం. పరుగుకి పాదం చెమట పట్టి ఉంటుంది.

మూడో స్తంభం దగ్గర కేక.

"అమ్మా!"

నాన్నా అని కాదు. నాన్న పక్కనే ఉన్నాడు. అమ్మా అనే అరిచింది.

పెరుగు గిన్నె ఎప్పుడు అందుకున్నానో తెలీదు. చీర ఎప్పుడు ఎగ్గట్టానో తెలీదు. కట్ట ఎక్కాను. పరిగెత్తాను. బళ్ళో ఉన్నప్పుడు పరిగెత్తాను, మళ్ళీ ఇదే. రాళ్ళు గుచ్చుకున్నాయి, పెరుగు తొణికి మీద పడింది, పత్తి చేలో కూలీలు లేచి నిలబడి చూశారు. చూడనీ.

ఆయన పిల్లని ఎత్తుకుని కాలువలోకి దిగబోతున్నాడు.

"నీళ్ళొద్దయ్యా! నీళ్ళు తగిల్తే ఇంకా మండుద్ది!"

ఆగాడు. షూ లాగేశాడు. పాదం ఎర్రగా కందిపోయి ఉంది.

గిన్నెలో చెయ్యి పెట్టబోయాను.

నా చెయ్యి. కారం చెయ్యి.

"నువ్వు రాయి," అన్నాను. "నా చేతులు పనికిరావు."

ఆయన రాశాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ పాదం, నా ఇంటి పెరుగు, ఆయన చెయ్యి. దేవుడా, ఆ ఏడుపులో కూడా నాకు కుళ్ళొచ్చింది. ఏం మనిషినో నేను!

మెల్లగా ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. కళ్ళెత్తి నన్ను చూసింది. చీర ఎగ్గట్టుకుని, మీద పెరుగు కారుతూ, రొప్పుతూ ఉన్నదాన్ని.

"అమ్మా... నువ్వు పరిగెత్తావా?"

"ఊఁ."

"నాన్నకన్నా స్పీడు!"

ఆయన నవ్వలేదు. షూ బోర్లించి మడమ వైపు తడుతున్నాడు. అరచేతిలో రెండు గింజలు రాలాయి. పసుపుపచ్చని, చిన్న మిరప గింజలు. వాటిని చూశాడు. నన్ను చూశాడు. చెయ్యి విదిలించి కాలువలోకి పారేశాడు.

ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది.

నాలుగు రోజులు పరుగు లేదు. కట్ట మీద చప్పుడు లేదు. నేను కోరుకున్నదే కదా. తాలు ఏరుతుంటే చెవులు మాత్రం అటే ఉన్నాయి.

అయిదోరోజు నేను కల్లానికి లేవకముందే జాస్మిన్ నా మంచం దగ్గర నిలబడింది. ఉతికి ఆరేసిన షూ కాళ్ళకి. సాక్సులతో.

"అమ్మా, నువ్వు రా."

"నాన్నో?"

"వ్యాను టైరు చూసుకోవాలి నేను. మీరెళ్ళండి," అన్నాడు ఆయన, దుప్పటి లోంచి. బయట నాలుగు టైర్లూ గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి.

ఆ మంచితనం మీద కూడా కుళ్ళే నాకు. ఏం చెయ్యను!

కట్ట ఎక్కాం. అది నా చెయ్యి పట్టుకోబోయింది. ఆగింది. అర అడుగు... వెనక్కి వెయ్యలేదు. నా కొంగు పట్టుకుంది, రెండు చుట్లు చేతికి చుట్టుకుని.

"కథ చెప్పు."

"నాన్న నక్క నాకు తెలీదే."

"నాన్నది కాదు. నీది."

నా దగ్గర ఏం కథలున్నాయి? కల్లం, కాయలు, తాలు. పరిగెడుతూ వెతుక్కున్నాను. దొరికింది ఒక్కటే.

"అనగనగా ఒక అమ్మ."

"ఊఁ."

"ఆ అమ్మకి ఒళ్ళంతా కుళ్ళు. పిల్ల నాన్నతోనే పరిగెడుతోందని."

"ఊఁ." నవ్వుతోంది. ఇంకా నవ్వుతోంది.

"ఒకరోజు సాయంత్రం పిల్ల షూ ఒకటి తీసుకెళ్ళి... తాలు సంచిలో దాచేసింది."

నవ్వు ఆగింది. అడుగులు ఆగలేదు. కొంగు బిగిసిందో, వదులైందో... నేను తల తిప్పి చూడలేదు.

ఒకటో స్తంభం దాటాం. రెండో స్తంభం దాటాం.

"ఎందుకు దాచింది?" అంది చివరికి, చిన్న గొంతుతో.

"మూడో స్తంభం దగ్గర చెబుతా."

మూడో స్తంభం కనిపిస్తోంది. మట్టి తడిగా ఉంది. కల్లంలో జైతున్‌బీ పిన్ని తల ఎత్తి చూస్తోంది.

టప్... టప్... టప్.

దాని పక్కనే, ఇంకా, టిపటిపటిప.