ఆరు గంటల నలభై నిమిషాలు

ఆదివారం పొద్దున ఏడూ ఇరవై. నేను మా ఆయనకి వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేస్తుండగా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదు. అమ్మకి ఊపిరి ఆడట్లేదు. సాయంత్రం దాకానే అంటున్నారు డాక్టర్లు. వెంటనే రమ్మను." ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. కూనిరాగం కూడా వినిపిస్తోంది.

నేను విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కణ్ణుంచి మా వాళ్లుండే ఊరు ఎంత దూరమని ఎవరడిగినా తెర వైపు చూడకుండానే చెబుతాను. ఐదు వేల రెండు వందల కిలోమీటర్లు, ఆరు గంటల నలభై నిమిషాలు. రోజుకి ఒకటే విమానం, పొద్దున పదిన్నరకి. ఇంట్లో మాత్రం దాన్ని ఉద్యోగమనరు. కుర్చీలో కూర్చుని మీటలు నొక్కి వస్తావు, దానికే అలసటా అని ఆయన నవ్వుతాడు. నేను కంచాలు తీసుకుని వంటింట్లోకి పోతాను.

మా ఇద్దరి తరఫు వాళ్లూ ఆ ఊళ్లోనే ఉంటారు. పోయినేడు ఇలాగే ఒక ఆదివారం, ఇంచుమించు ఇదే వేళకి, మా అన్నయ్య ఫోన్ చేశాడు. నాకు మెల్లగా చెప్పమని ఆయనకి చేశాడు. ఆయన మరీ మెల్లగా చెప్పాడు. ఆ రోజు ఆయన పైఅధికారి కుటుంబం భోజనానికి వచ్చింది, ఎనిమిది మంది. కూర బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం నాలుగింటికి, నేను గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటుంటే, అమ్మ చివరి ఘడియల్లో ఉందని బయటపెట్టాడు. "ఏడు గంటల ప్రయాణం. పొద్దున చెప్పినా అందుకునేదానివి కాదు. ఊరికే ఏడుస్తూ వండుతావని ఆగాను." నమ్మాను. ఏడుపు మధ్యలో లెక్కలెవరు వేస్తారు? ఇక్కడి గడియారంలో ఆ రాత్రి ఏడున్నరకి అమ్మ పోయింది.

మర్నాటి విమానంలో వెళ్లాను. అన్నయ్య తలెత్తకుండా చెప్పాడు. "సీట్లు దొరకలేదన్నారు బావగారు. అమ్మేమో తలుపు వైపే చూస్తూ, బయల్దేరిందా, బయల్దేరిందా అని ఒకటే అడగడం. బయల్దేరిందని చెప్పేశానమ్మా."

తిరిగొచ్చాక ఆఫీసులో వాకబు చేశాను. ఆ రోజు విమానంలో ముప్పై ఒక్క సీట్లు ఖాళీగా వెళ్లాయి. ఐదూ పదికి దిగేదాన్ని. అక్కణ్ణుంచి ఆసుపత్రికి గంట. గంటకు పైగా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. ఏడాదిగా ఈ లెక్క ఆయనకి చెప్పలేదు. చెబితే పాత విషయాలు తవ్వుతున్నావంటాడని నాకు తెలుసు. కడుపులో పెట్టుకుని అన్నం వడ్డిస్తూ వచ్చాను.

ఇప్పుడు నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఇంకా ఐదు చొక్కాలున్నాయి. అవి పూర్తిచేసి, టిఫిన్ పెట్టి, ఇంకో రెండు పనులు చూసుకుని అప్పుడు చెబితే చాలు, విమానం వెళ్లిపోతుంది. అబద్ధమెందుకు, ఒక చొక్కా చెయ్యి ఇస్త్రీ అయ్యేంతసేపు ఆలోచించాను. అత్తగారు నన్ను తక్కువేమీ సాధించలేదు. అయినా ఇప్పుడు అక్కడ తలుపు వైపు చూస్తూ పడుకున్నది ఆవిడ కదా. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఫోన్‌లో టికెట్ తీసి, స్నానాల గది తలుపు కొట్టాను.

తల కూడా తుడుచుకోకుండా బయటికొచ్చాడు. జాలేసింది, అదీ నిజమే. ఇద్దరికీ తీశావా, అక్కడ వచ్చేపోయేవాళ్లకి వండేదెవరు అన్నాడు. ఒకటే తీశానన్నాను. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. బూట్లు వేసుకుంటూ, మొదటిసారి నా ఉద్యోగం గుర్తొచ్చినవాడిలా, నా మొహంలోకి చూశాడు.

"అందుకుంటానంటావా?"

"అందుకుంటారు. ఆరు గంటల నలభై నిమిషాలే. ఆ రోజు నేనూ అందుకునేదాన్ని."